పటం విప్పితే కులం కథ

కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వెళ్లేవాళ్లలో చాలామంది చేర్యాల మీదుగానే పోతారు. ఆగేవాళ్లు తక్కువ. మొన్న ఆదివారం మేం ఆగాం. మా బాపు పట్టుబట్టాడు మరి!

నకాషీ చిత్రకారుల ఇల్లది. అరుగు మీద ఆరబెట్టిన బొమ్మలు, మాస్కులు. లోపల ఉడికించిన చింతగింజల పిండి వాసన. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పూతలు పూస్తారు. ఆరాక ఎర్రటి నేల మీద బొమ్మలు లేస్తాయి. మా అమ్మాయి మాస్కుల దగ్గరే నిలబడిపోయింది. బాపు చూపు మాత్రం గోడ మీది పటంపైనే ఉంది. అందులో పులి మీద ఎక్కి వస్తున్నాడో వీరుడు.

‘‘భావనారుషి!’’ అన్నాడు బాపు, చుట్టాన్ని చూసినట్టు.

మాది నేత కుటుంబం. బాపు చిన్నతనంలో కూనపులివారు పటం తెచ్చేవారట. మూడడుగుల వెడల్పు, 50 అడుగుల దాకా పొడవు. పొద్దుగూకాక కర్రలకు కట్టి, ఒక్కో గడి విప్పుతూ రాత్రుళ్ల తరబడి మార్కండేయ పురాణం చెప్పేవారు. మార్కండేయుడి కొడుకు భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్టలు నేయడం అందులో ఘట్టం.

ఒక్క పద్మశాలీలకే కాదు, తెలంగాణలో ఎన్నో కులాలకు ఇలా సొంత కథా, సొంత కథకులూ ఉన్నారు. గౌడలకు గౌడజెట్టీలు. ముదిరాజులకు కాకిపడగలవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులు. వీళ్లు పటానికి బదులు కొయ్యబొమ్మలు పెట్టి చెబుతారు. ఏ ఊరు ఏ కథకుల కుటుంబానిదో ముందే పంపకం. పటంతోపాటు ఆ హక్కూ వారసత్వంగా వచ్చేది. కథ విన్న కులం ‘త్యాగం’ పేరుతో ధాన్యమో డబ్బో ఇచ్చుకోవాలి. పాతబడిన పటాన్ని పారేయరు. నదిలో నిమజ్జనం చేస్తారు.

అసలు విశేషం కథల్లో ఉంది. ఊళ్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ బావి నీళ్లు తోడుకోవాలో పెద్దకులాలు రాసిపెట్టాయి. పటం ముందు ఆ లెక్క తలకిందులయ్యేది. మాదిగలకు డక్కలివారు చెప్పే జాంబపురాణంలో జాంబవంతుడు భూమి కంటే ముందే పుట్టినవాడు. అందరికీ పెద్ద! ఊరు చివరికి నెట్టేసిన మనిషికి కథ మొదటి పీట వేసింది. అంత గౌరవాన్ని పాడి వినిపించిన డక్కలివారిని మాత్రం ఆ వాడ కూడా దూరంగానే ఉంచేది. మెట్లు మార్చిన కథ, మెట్లను మాత్రం తీసెయ్యలేదు.

ఆ మాటే బాపుతో అంటే నవ్వాడు. ‘‘దేవుళ్లకే బట్టలు నేసినోళ్లమని ఇనంగనే రొమ్ము ఇరుసుకునేటోళ్లం. తెల్లారితే మళ్ల మగ్గం గుంటలకే. మన తాత నేసిండు, మనం నెయ్యాలె అని కథనే చెప్పె. ఇగ కాదనెటోడెవడు?’’

నన్ను బడికి పంపడానికి ఇంట్లో ఎంత గొడవైందో అప్పుడు గుర్తొచ్చింది. నేతగాడి కొడుకు మగ్గం దిగితే కులదైవానికి కోపం వస్తుందని మా నాయనమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. బాపు వినలేదు.

సినిమాలు, టీవీలు వచ్చాక పటం కథలు వినేవాళ్లు తగ్గారు. చేర్యాల కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుంచె నిలబడింది. కానీ ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి హాల్లో తగిలించుకునే చిన్న బొమ్మలే. బతుకమ్మ, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గౌడన్న... చూడముచ్చటగా ఉంటాయి. ఎవరితోనూ వాదానికి దిగవు.

మగ్గం నేస్తున్న జంట బొమ్మ ఒకటి కొన్నాం. తిరుగు దారిలో బాపు మనవరాలికి భావనారుషి కథ చెప్పాడు. తర్వాత జాంబవంతుడి కథ కూడా తనకు తెలిసినంత చెప్పాడు. మా ఇంట్లో ఆ కథ వినడం అదే మొదటిసారి.

‘‘తాతా, అందరూ మేమే ముందు అంటే మరి ఎవరు ముందు?’’ అంది మా అమ్మాయి.

బాపు జవాబు చెప్పలేదు. ‘‘ఇంకో కథ చెప్త, ఇను’’ అన్నాడు.

ఎలా వెళ్లాలి: చేర్యాల సిద్దిపేట జిల్లాలో, జనగామ-సిద్దిపేట రోడ్డు మీద ఉంది. 2016కు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో చూసి రావచ్చు.