క్రికెట్ మళ్ళీ వస్తాడు

ముందే చెప్తున్నా, ఈ షోని ఇంట్లో అమ్మానాన్నల ముందు పెట్టకండి. పేరు ‘ఇట్స్ ఆల్వేస్ సన్నీ ఇన్ ఫిలడెల్ఫియా’. 2005లో మొదలైంది, అప్పటికి నేను పుట్టనేలేదు. ప్యాడీస్ పబ్ అనే డొక్కు బార్ చుట్టూ తిరిగే ఐదుగురి కథ. ఐదుగురూ స్వార్థపరులే, సీజన్లు గడిచినా ఒక్కరూ మారరు. ఒక ఎపిసోడ్‌లో డెన్నిస్, డీ అనే కవలలు ప్రభుత్వ సాయం కోసం డ్రగ్స్‌కి బానిసలమని చూపించుకుందామనుకుని క్రాక్ కొంటారు. నిజంగానే బానిసలైపోతారు. చదివితే నవ్వు రాదు, చూస్తే పడీపడీ నవ్వుతాం.

ఎందుకూ అంటే ‘జోకే కదా’ అనేవాణ్ణి. ఆ మాటతోనే ఇరుక్కున్నా.

మా రూమ్మేట్‌ది శ్రీకాకుళం వైపు. వాడు ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడే యాసని హాస్టల్ డే స్టేజి మీద దింపేశా. మన సినిమాల్లో ఆ యాసని అమాయకులకీ పనివాళ్ళకీ తగిలించి నవ్వించడం ఎప్పట్నుంచో ఉన్నదే, నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు. హాలంతా ఈలలు. రూమ్‌కొచ్చాక వాడు మాట్లాడలేదు.

“సన్నీలో ఇంతకన్నా ఘోరంగా అంటారు కదరా, నువ్వే ఎక్కువ నవ్వుతావ్” అన్నా.

“ఆళ్ళని చూసి నవ్వుతాన్రా. ఆళ్ళతో కలిసి కాదు” అని లాప్‌టాప్ మూసేసి పడుకున్నాడు.

ఆ తర్వాత పాత సీజన్లు మళ్ళీ చూశా, ముఖ్యంగా క్రికెట్ కోసం. ఆట కాదు, మనిషి. స్కూల్ రోజుల నుంచి డీ అంటే ప్రేమ. రెండో సీజన్లో చర్చి ఫాదర్‌గా కనిపిస్తాడు. డీ తన అవసరం కోసం ఆశ పెడితే నమ్మి ఆ పదవి వదిలేస్తాడు. ఆమె పొమ్మంటుంది. అక్కణ్ణుంచి రోడ్డు మీదే బతుకు. కొన్ని ఎపిసోడ్లకోసారి తిరిగొస్తాడు, వచ్చినప్పుడల్లా ఇంకా పాడై. ఒకసారి గొంతు మీద గాటు, ఇంకోసారి ముఖం సగం కాలిపోయి. ఆ ఐదుగురికీ అసలు పట్టదు. కానీ షో అతన్ని తీసేయదు, 2017లో ఏకంగా ఒక ఎపిసోడ్ మొత్తం అతనికే ఇచ్చింది. వాళ్ళు ఏం చేశారో అతని ముఖం చూస్తే చాలు. నా స్కిట్‌లో అలాంటి మనిషి లేడు. మూడో వరసలో కూర్చున్నాడు, నేను అటు చూడలేదు.

షో కూడా ప్రతిసారీ గెలవలేదు. తెల్లవాళ్ళు ముఖానికి నల్లరంగు పూసుకున్న ఎపిసోడ్లని 2020లో స్ట్రీమింగ్ నుంచి తీసేశారు. వెక్కిరింత ఆ పాత్రల మీదేనని నాకు తెలుసు. అయినా ఆ రంగు చూసి నొచ్చుకున్నవాళ్ళకి అది చెప్పే ధైర్యం ఇప్పుడు నాకు లేదు. మరుసటి ఏడాది ఆ గొడవ మీదే ఇంకో ఎపిసోడ్ తీశారు, పాత్రలకి అప్పుడూ ఏమీ అర్థం కాదు. అది మాత్రం అదిరింది.

పక్కదారే గానీ, మన గిరీశమూ ఇలాంటివాడే. (నాది ఇంగ్లీష్ మీడియం, నాటకం చదవలేదు, ఎన్టీఆర్ వేసిన 1955 సినిమా చూశా.) సంఘ సంస్కరణ అని ఇంగ్లీషు దంచుతూ బుచ్చమ్మని బుట్టలో వేసుకుంటుంటే నవ్వొస్తుంది, బుచ్చమ్మ ముఖం చూస్తే ఆగిపోతుంది.

సారీ చెప్పా. “సర్లేరా” అన్నాడు. రాత్రుళ్ళు మళ్ళీ కలిసే సన్నీ చూస్తున్నాం, వాడే ముందు నవ్వుతాడు. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే మాత్రం కారిడార్‌లోకి వెళ్ళి మాట్లాడి వస్తాడు. ఇంతకుముందు మంచం మీదే కూర్చుని మాట్లాడేవాడు.