జనగామలో ఒక మధ్యాహ్నం



పోయిన శనివారం మధ్యాహ్నం మీలో కొందరు మందిరం దగ్గరికి వచ్చి, తాళం చూసి వెనక్కి వెళ్లారని తెలిసింది. ఫోన్ చేసినవారికి "పని మీద జనగామ వచ్చాం" అని చెప్పాం. అది పూర్తిగా నిజం కాదు. మేము ఒక స్నేహితునితో కలిసి బట్టల షాపుకు పోయాం, మెస్‌లో కూర్చుని తిన్నాం, చాయ్ తాగాం, పొద్దుగూకేదాకా తీరిగ్గా తిరిగాం. ఆ మాట ఫోన్లో చెప్పడానికి మాకు సిగ్గేసింది. సువార్త పని మీద పోయామంటే గౌరవం, స్నేహితునితో అన్నం తినడానికి పోయామంటే నామోషీ అని మేమే అనుకున్నాం. అలా ఎందుకు అనుకున్నామో ఈ వారమంతా ఆలోచించాం. ఆ సంగతే మీతో చెప్పుకుంటున్నాం.

ఆ స్నేహితుడు భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. పాతికేళ్ల కింద మన డోర్నకల్‌లో యువజన కూడికలకు వెళ్లినప్పుడు పరిచయమయ్యాడు. రాత్రిళ్లు ఆ పెద్ద గుడి ఆవరణలో చాపలు పరుచుకుని, తెల్లారేదాకా ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం. తర్వాత ఆయన బొగ్గుబాయి పనిలో చేరాడు. జనగామ ఆడబిడ్డను పెళ్లి చేసుకున్నాడు. మేము మానుకోట పక్కన ఈ ఊరికి సేవకు వచ్చాం. అప్పట్లో మానుకోట, భూపాలపల్లి, జనగామ అన్నీ ఒకే వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ 11న మూడూ మూడు జిల్లాలయ్యాయి. మేమైతే జిల్లాలు విడిపోకముందే దూరమయ్యాం. దానికి ఎవరి మీదా నెపం పెట్టలేం. తీరిక లేదని మేమే అనుకున్నాం.

పోయిన ఏడు ఆయన భార్య ప్రభువు సన్నిధికి వెళ్లింది. భూస్థాపనకు వెళ్లాం. వాక్యం చెప్పాం, ప్రార్థన చేశాం. మర్నాడు ఆదివారం ఆరాధన ఉందని ఆఖరి బస్సుకే తిరిగి వచ్చేశాం. ఆ తర్వాత రోజూ పొద్దున ఆయన ఫోనుకు ఒక వాక్యం పంపేవాళ్లం. వారానికోసారి ఫోన్లోనే ప్రార్థన చేసేవాళ్లం. చేయవలసింది చేస్తున్నామనే అనుకున్నాం.

పదిహేను రోజుల కింద ఆయనే ఫోన్ చేశాడు. "అన్నా, వచ్చే నెల బిడ్డ నిశ్చితార్థం పెట్టుకున్నం. చీర కొనాలె. నాకు చీరల సంగతి తెల్వది. వదినెను తీస్కొని జనగామ వస్తవా? ఒక్క పూట."

ఆదివారం ప్రసంగం సిద్ధం చేసుకునే శనివారం అది. పైగా చేతిలో ఉన్న డబ్బంతా మీరు ప్రేమతో ఇచ్చిన కానుకలే. షాపుల్లో, హోటళ్లలో తిరగడానికి మనసు ఒప్పలేదు. "చూద్దాం తమ్ముడూ" అని నసిగాం. ఫోన్ పెట్టేశాక మన పాస్టరమ్మ ఒకటే మాట అంది. "ఆయన చీర కోసం పిలుస్తలేడు."

శనివారం మానుకోటలో రైలెక్కి జనగామలో దిగాం. ఆయన పరకాల, హన్మకొండ మీదుగా బస్సులో వచ్చి ఆర్టీసీ చౌరస్తాలో నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఉంది గానీ పైగుండీ ఊడిపోయింది. ఇంట్లో చూసి చెప్పేవారు లేరని దాన్ని చూడగానే అర్థమైంది.

ఆయన మమ్మల్ని ఒక పాత బట్టల షాపుకు తీసుకెళ్లాడు. పెళ్లయినప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కూ వాళ్లిద్దరూ అక్కడే కొనేవారట. పరుపు మీద కూర్చున్న పెద్దాయన ఆయన్ని చూసి నవ్వి, "రాండ్రి సార్. అమ్మ రాలేదా?" అన్నాడు.

తమ్ముడు ఏమీ అనలేదు. నిశ్శబ్దంగా నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దాన్ని మేము భరించలేకపోయాం. వెంటనే అందుకుని, "అమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారండీ, పోయిన ఏడు" అని చెప్పేశాం. ఇంకా ఏదో ఆదరణ మాట కూడా కలిపాం. తమ్ముడు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ప్రియులారా, అది ఆయన చెప్పుకోవలసిన మాట. ఏడాది నుంచి ఆ షాపుకు రాకుండా ఉన్నాడు. ధైర్యం తెచ్చుకుని వచ్చాడు. ఎప్పుడు చెప్పాలో, ఎట్లా చెప్పాలో ఆయనకే తెలియాలి. మేము ఆయన నోట్లోంచి లాక్కున్నాం. సేవకులకు ఇదొక జబ్బు. ఎక్కడ మౌనం ఉంటే అక్కడ మాట నింపాలనిపిస్తుంది. యోబు స్నేహితులు గుర్తున్నారు కదా. ఏడు రోజులు ఆయనతో నేల మీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు ఎంతో మంచి స్నేహితులే. నోరు తెరిచిన తర్వాతే తప్పులో పడ్డారు.

కాసేపటికి తమ్ముడే లోపలికి వచ్చాడు. ఈసారి మేము నోరు మెదపలేదు. పాస్టరమ్మ ఆయన పక్కన కూర్చుని, "చెల్లెకు ఏ రంగు ఇష్టముండె?" అని మాత్రం అడిగింది. "మామిడాకు పచ్చ వదినె. ఎర్ర అంచుండాలె. ప్రతిసారి గదే. నేను తిట్టేటోణ్ణి, ఇంట్ల అన్ని గవే ఉన్నయని" అన్నాడు. అప్పుడు మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వుతోనే కళ్లు తుడుచుకున్నాడు. షాపు పెద్దాయన ఏమీ అడగకుండా పచ్చ చీరలన్నీ దించి పరిచాడు. గంటన్నర చూశాం. ఒక్క చీర కోసం గంటన్నర కూర్చోవడం మా జీవితంలో అదే మొదలు. ఆ గంటన్నరలో తమ్ముడు ఆమె గురించి చెప్పినంత, ఏడాదిలో మా ఫోన్ ప్రార్థనల్లో ఎప్పుడూ చెప్పలేదు.

మధ్యాహ్నం దాటాక దగ్గర్లోనే ఒక మెస్‌కు వెళ్లాం. బగారా అన్నం, మటన్ కూర, పచ్చిపులుసు వచ్చాయి. అలవాటు ప్రకారం మేము కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాం. మీకు తెలిసిందే, మా ప్రార్థన మొదలైతే కుటుంబమంతా, సంఘమంతా, దేశమంతా వస్తుంది. తమ్ముడు మెల్లగా, "అన్నా, ఇయ్యాల జర చిన్న ప్రార్థన చెయ్యి. అన్నం సల్లారుతది" అన్నాడు. ముగ్గురం నవ్వాం. రెండు మాటల్లో ఆమేన్ అన్నాం.

తింటూ తింటూ ఆయన అన్న మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. "బాయిల చీకటి నాకు అలవాటే అన్నా. తలకు లైటు పెట్టుకుంటే నడుస్తది. ఇంట్ల చీకటే అలవాటైతలేదు. షిఫ్ట్ అయినంక క్వార్టర్ తలుపు తీసుడంటే భయమైతది. అన్నం గిన్నెలనే కలుపుకొని నిలబడి తింటున్న. ఎదురుంగ మనిషి కూసుంటే తిని ఏడాదైంది."

మేము రోజూ పంపిన వాక్యాలు మంచివే. దేవుని మాట ఎప్పుడూ వ్యర్థం కాదు. కానీ ఆయనకు ఎదురుగా కూర్చునే మనిషి కావలసి వచ్చింది. అది ఫోన్లో పంపేది కాదు.

బిల్లు వచ్చింది. మేము జేబులో చెయ్యి పెట్టాం. ఆయన పట్టుకున్నాడు. "సేవకులు కదన్నా అని కాదు. ఏడాది నుంచి ఎవ్వరికీ అన్నం పెట్టలే. ఆమె ఉన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా తినకుండ పోలె. ఇయ్యాల నన్ను పెట్టనియ్యి." మేము చెయ్యి తీసేశాం. మీ ఇండ్లల్లో తినడం మాకు కొత్త కాదు. కానీ అప్పుడు మేము పాస్టరుగా తింటాం, మీకు దీవెన ఇచ్చి వస్తాం. ఆ రోజు ఊరికే తీసుకున్నాం. ఇవ్వడం కన్నా అది కష్టంగా ఉంది.

తర్వాత ఆటో మాట్లాడుకుని హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న పెంబర్తికి వెళ్లాం. అక్కడి ఇత్తడి పని కాకతీయుల కాలం నుంచి పేరున్నది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నిశ్చితార్థానికి ఒక పన్నీరు బుడ్డి కొనాలని తమ్ముడి కోరిక. ఒక పనివాడు ఇత్తడి రేకును లక్క మీద పెట్టి, చిన్న సుత్తితో ఉలి మీద కొడుతూ పువ్వు లేపుతున్నాడు. మాకు తొందరేమీ లేదు కాబట్టి కూర్చుని చూశాం. కొంతసేపు కొట్టాక ఆపి, రేకును తీసి మంటలో పెట్టాడు. ఎందుకని అడిగితే, "కొట్టంగ కొట్టంగ రేకు గట్టిపడ్తది సార్. మళ్ల కాల్చి మెత్తగ చెయ్యాలె. గట్టిపడ్డదాన్ని గట్లనే కొడితే పగుల్తది" అన్నాడు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దుఃఖంతో గట్టిపడ్డ మనిషిని ఏడాది పాటు మంచి మాటలతోనే కొడుతూ వచ్చాం. వెచ్చదనం ఇవ్వలేదు. ఆయన పగలకపోవడం దేవుని కృప.

సాయంత్రం రైలు వచ్చేదాకా స్టేషన్ ముందు చాయ్ తాగుతూ కూర్చున్నాం. మాటలు డోర్నకల్ మీదికి మళ్లాయి. ఆ గుడి కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి సంగతి తమ్ముడే ఎత్తాడు. ఆయన తమిళనాడులో పుట్టి, మన మానుకోట ప్రాంతానికి సేవకుడిగా వచ్చాడు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల నుంచి వచ్చిన మొదటి బిషప్ ఆయనే. 1945లో డోర్నకల్‌లోనే నిద్రించాడు. బిషప్ కాకముందే, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడాడు. అప్పుడాయన వయసు 35. విదేశీ మిషనరీలు మన దేశం కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, దానికి కృతజ్ఞులమని చెప్పాడు. కానీ వారికీ ఇక్కడి పనివారికీ మధ్య దూరం ఉందని, ఆ దూరం బాధిస్తోందని ధైర్యంగా అన్నాడు. చివరికి ఆ పెద్దల ముందు ఆయన అడిగింది డబ్బు కాదు, బడులు కాదు, స్నేహితులను.

చిన్నప్పుడు ఆ గుడి ఆవరణలో పడుకుని ఈ కథ విన్నప్పుడు, అది తెల్లవాళ్లకు చెప్పిన మాట అనుకున్నాం. ఇప్పుడు మేమే అటువైపు ఉన్నాం. బోధ ఇస్తున్నాం, ప్రార్థన ఇస్తున్నాం, సమయానికి వచ్చి సమయానికి వెళ్తున్నాం. స్నేహం మాత్రం ఇవ్వడం లేదు.

మన ప్రభువు అలా లేడు. తినేవాడు, తాగేవాడు అని జనం నింద వేసేంతగా మనుషుల ఇండ్లల్లో కూర్చున్నాడు. పేతురు మూడుసార్లు ఎరగనని బొంకిన తర్వాత, తిబెరియ సముద్రపు ఒడ్డున ప్రభువు ఆయన్ని కలిశాడు. అడగవలసిన ప్రశ్న చాలా పెద్దది. అయినా ముందు నిప్పుల మీద చేపలు పెట్టాడు, రొట్టె పెట్టాడు, రమ్మని పిలిచాడు. భోజనం అయ్యాకే ప్రశ్న అడిగాడు. మేము ఎన్నిసార్లు ఆ భాగం మీద ప్రసంగించామో లెక్కలేదు. ప్రశ్న గురించే చెప్పాం. చేపల గురించి చెప్పలేదు.

రైలు ఎక్కేముందు తమ్ముడు చీర సంచిని రెండు చేతులతో పట్టుకుని, "ఇంటికి పోయినంక దీన్ని మంచం మీద పరిచి చూస్త అన్నా. ఇయ్యాల తలుపు తీసుడు అంత కష్టం కాదనుకుంట" అన్నాడు. ఇంటికి చేరాక ఫోన్ చేశాడు. మేము వాక్యం చెప్పలేదు. "తిన్నవా?" అని అడిగాం. "కూసొని తిన్న" అన్నాడు.

ప్రియులారా, ముందుగా ఫోన్లో మీతో తప్పుమాట చెప్పినందుకు మమ్మల్ని క్షమించండి. ఆ రోజు మేము పని మీద పోలేదు. కానీ ఆ రోజు జరిగింది సేవ కాదని కూడా ఇప్పుడు అనలేం.

ఇంటికి వచ్చాక మన ఊళ్లో ఒంటరిగా అన్నం తినే ఇండ్లు ఎన్నో మేమిద్దరం కూర్చుని లెక్కపెట్టాం. ఏడు ఇండ్లు వచ్చాయి. ఆ ఏడింటిలో నాలుగు మన సంఘానివి కావు. ఇకపై శనివారం మధ్యాహ్నాలు ఒక్కొక్క ఇంటికి వెళ్లాలనుకుంటున్నాం. కూర మేము తెస్తాం, లేదా వాళ్లు పెట్టింది తింటాం. బైబిలు సంచిలో ఉంటుంది. వాళ్లు అడిగితే తీస్తాం. మీలో ఎవరైనా మాతో రావాలనుకుంటే సంతోషం. ఒకటే షరతు. గడియారం చూసుకోకూడదు.

ప్రసంగం ఎప్పుడు సిద్ధం చేస్తారని మీరు అడుగుతారేమో. పోయిన ఆదివారం ప్రసంగం చిన్నదిగా ఉందని మీలో ఒకరిద్దరు అన్నారు. ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది.

తమ్ముడి బిడ్డ నిశ్చితార్థం కోసం ప్రార్థించండి. ఆ రోజు వాళ్లమ్మ లేని లోటు ఆ ఇంట్లో అందరికీ తగులుతుంది. ఈసారి మేము ముందురోజే వెళ్తున్నాం, మర్నాడు గానీ రాము.

ఏకాంతుల ఇండ్లల్లో ప్రభువు తానే అతిథిగా కూర్చుండును గాక. ఆమేన్.

మీ సేవలో,
మేమిద్దరం