కార్డా, బోర్డా?

కంప్యూటరు ఆటలకు వేరే సౌండుకార్డు కొనాలా, మదర్‌బోర్డు మీదున్నదే చాలునా అన్న మీమాంస మా యింట్లో నెల్లాళ్ళు నడిచింది. చెప్పేది తెలుగు పాఠమే అయినా, డబ్బిచ్చేవాణ్ణి గనుక నేనూ కాస్త చదువుకున్నాను.

1989లో సౌండ్ బ్లాస్టర్ వచ్చిన రోజుల్లో కార్డు లేని పీసీ కీచుమనడం తప్ప ఎరగదు. అప్పుడు కొనడం సబబే. 1997లో ఇంటెల్ వారు ఏసీ 97 ప్రమాణం తెచ్చాక ధ్వని చిప్పు బోర్డు మీదికే దిగింది. 2007లో విండోస్ విస్టా వచ్చాక, శబ్దం ఏ దిక్కునుంచి రావాలో లెక్కకట్టే పని చాలావరకు ప్రాసెసరుకు పోయింది. కార్డు కొంటే శత్రువు అడుగులు ముందే వినబడతాయన్నది దుకాణదారు మాట సుమండీ!

"మరి ఈ గుయ్యిమనే రొద మాటేమిటి నాన్నా?" అన్నాడు మావాడు. న్యాయమైన ప్రశ్నే. పెట్టె ముందువైపు రంధ్రానికి వెళ్ళే తీగ, దారిలోని విద్యుత్తు రొదను కూడా మోసుకు రాగలదు. హెడ్‌ఫోను వెనకవైపు పెట్టించాను; ముప్పాతిక పోయింది. ఆ మిగిలిందీ సహించలేనివారు పెట్టె బయట ఉండే యూఎస్‌బీ డాక్ కొనుక్కోవచ్చు. 300 ఓముల హెడ్‌ఫోను గలవారికి బలమైన యాంప్లిఫయరు కావాలి, మావాడిది 32.

కార్డుకని దాచిన డబ్బుతో మంచి హెడ్‌ఫోనే కొన్నాం. అది పెట్టుకున్నాక వాళ్ళమ్మ భోజనానికి పిలిచే కేక మాత్రం వాడికి వినబడటం మానేసింది.