విశాఖ రేవు - తుపాను సన్నాహము

గత వేసవి సెలవులలో మేము విశాఖపట్టణమున మా చిన్న ఆడుబిడ్డ యింట పదిదినములుంటిమి. ఒకనాటి సాయంకాలము డాల్ఫిన్ నోస్ కొండ చాటుననున్న రేవును జూచితిమి. 1933లో ఓడలకు తెరువబడిన యీ రేవునకు ఆ కొండయే పెట్టనికోట.

తుపాను వచ్చుచున్నదన్న ఓడలను ఒడ్డునకు గట్టిగా కట్టివేయుదురు కాబోలునని మేము తలచితిమి. కాదట! కట్టిన యోడ కెరటముల తాకుడునకు గట్టును మోదుకొని తాను చెడి, గట్టును చెరుచును. నడిసముద్రమున దానికి మసలుటకు చోటుండును. కావున ఓడలను ముందుగనే దూరముగా పంపివేయుదురు. సరకులెత్తు క్రేనులను బంధింతురు. ఎత్తుగా పేర్చిన ఖాళీ యినుపపెట్టెలను క్రిందికి దించుదురు. 1 మొదలు 11 వరకు గల అపాయసూచికలలో తగినదానిని ఎగురవేయుదురు. రాత్రివేళ దీపములతో దెలుపుదురు.

2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను ఈ నగరముననే తీరము దాటినది. అప్పుడిచ్చట 10వ సూచిక నెత్తిరి. రేవు సిద్ధపడెనుగాని యిండ్లు సిద్ధపడలేదు. చెట్లు కూలి దారులు మూసికొనెను. విద్యుత్తు లేక మోటారులు నిలిచెను. పాలకును పెట్రోలునకును జనులు బారులు తీరిరి.

"వదినా! ఇంట బియ్యపుమూట యున్నది, చంటిదానికి పాలు మాత్రము లేవు" అని మా ఆడుబిడ్డ నేటికిని కన్నీరు పెట్టుకొనును. నాటినుండి ఆశ్వయుజము వచ్చుసరికి ఆమె పాలపొడి, మందులు, కొవ్వొత్తులు సమకూర్చి, వార్త వినగనే బిందెలన్నియు నీటితో నింపును.

సోదరీమణులారా! రేవుకు సూచిక యెత్తిననాడే మన వంటయింటను ఎత్తినట్లు భావింతము.