ఆకలి తీర్చిన దేవాలయం

పెద్దాపురం వారు సామర్లకోటలో రైలెక్కి సికింద్రాబాదు చేరితే, అక్కడినుండి మెదక్ సుమారు 100 కిలోమీటర్లు. విక్టోరియా రాణి 1901లో గతించినా, ఆమె కాలంలో ఇంగ్లండు పల్లెల్లో కట్టిన గోతిక్ దేవాలయాల పోలిక ఇక్కడ కనబడుతుంది. కోసుదేరిన కమానులు, 175 అడుగుల గోపురం, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు!

1914లో పని మొదలైంది. అవి కరవు రోజులు. వెస్లియన్ మిషనరీ పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి ఈ కట్టడంలో పని ఇచ్చి అన్నం పెట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

ప్రభువు జననం, సిలువ, ఆరోహణం చూపే రంగుటద్దాల కిటికీలను పగటి వెలుతురులోనే చూడాలి. ప్రియ చదువరీ, ఆ కిటికీలతోపాటు గోడల రాళ్ళను కూడా చూడండి. వాటిని మోసిన చేతులకు ఆ పూట కూడు దొరికింది.