పుణె నగరమున జంట టెన్నిసు

హైదరాబాదునుండి పడమరగా వాడి, కలబురగి, షోలాపురము, దౌండు మీదుగా పోవు రైలుమార్గము మనలను పుణెకు చేర్చును. మన పెద్దలు పూనా యని పిలుచుచుండిన నగరమిదియే. దారిలోని షోలాపురమున తెలుగు పద్మశాలీలు తరతరములుగా మగ్గములు పెట్టుకొని స్థిరపడియుండుటచే అచ్చటివఱకును మన భాష చెవినిబడుచునే యుండును. పుణెను చూడబోవువారు శనివారవాడను, పర్వతిగుట్టమీది దేవాలయమును చూచి మరలుట వాడుక. శీతకాలమున పోవు సోదరీమణులు మఱియొక స్థలమును గూడ చూడవలెనని నా మనవి. అది డెక్కను జింఖానా యను క్రీడాసంఘమువారి టెన్నిసు ఆవరణము.

పాతపట్టణమునుండి లకడీపూల్ అను వంతెనమీదుగా ముఠానదిని దాటినచో ఆ ప్రాంతము చేరుదుము. సంఘము 1906లో స్థాపింపబడినది. దీనికి అధ్యక్షులుగానుండిన సర్ దొరాబ్జీ టాటాగారు ఈ సంఘమువారి పందెములలో పల్లెయువకులు వట్టికాళ్లతో పరుగెత్తుట చూచి, 1920లో ఆంట్వెర్ప్ నగరపు ఒలింపిక్ క్రీడలకు భారతీయులను పంపుటకు పూనుకొనిరి. స్త్రీవిద్యకును ఈ నగరము పుట్టినిల్లువంటిది. 1848లో సావిత్రీబాయి ఫూలే బాలికలకు పాఠము చెప్పినది ఇచ్చటనే. 1916లో కర్వే పండితుడు స్త్రీలకై విశ్వవిద్యాలయము నెలకొల్పినదియు ఇచ్చటనే. చదువునకు తలుపులు తెఱచిన యూరిలో ఆటకును తలుపులు తెఱవబడుట సహజమే.

టెన్నిసును జీవనోపాధిగా స్వీకరించినవారికి వింబుల్డన్ మొదలగునవి కొండమీది గుడులు. ఆ కొండ యెక్కుటకు అడుగుమెట్లు అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్యవారి చిన్నపోటీలు. బహుమానపు మొత్తమునుబట్టి వీనికి తరగతులు కలవు. అన్నిటికంటె చిన్నదానిలో ఆడువారందఱికిని కలిపి పంచు ధనము 15,000 డాలర్లు. డెక్కను జింఖానాలోని స్త్రీల పోటీ పెక్కేండ్లు 25,000 డాలర్ల తరగతిలో జరిగినది. దానికి ధనసహాయము చేసినవారు నగలవర్తకులు కారు, కోడిగ్రుడ్ల రైతులు! జాతీయ గ్రుడ్ల సమన్వయ సమితి యని 1982లో వెలసిన వారి సంఘమునకు మూలపురుషుడు బి.వి. రావుగారు. 1971లో హైదరాబాదునందు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించినవారు వీరే. గ్రుడ్లమ్మిన పైకము ఆడుపిల్లల ఆటకు చేరుట వింతయైనను ముచ్చటగనే యున్నది.

ఒంటరి ఆటను గూర్చి పత్రికలు వ్రాయుచునే యుండును. నేను చెప్పదలచినది జంట ఆటను గూర్చి. బరిలో 16 జంటలు దిగును. నాలుగు విజయములు వరుసగా పొందిన జంటకు బహుమానము. కోర్టు పొడవు 78 అడుగులు. ఒంటరి ఆటకు వెడల్పు 27 అడుగులు, జంట ఆటకు 36. చెఱియొక సెట్టు గెలిచినచో మూడవ సెట్టునకు మారుగా 10 పాయింట్ల పోరు పెట్టి తేల్చుదురు.

ఈ జంటలు చాలవఱకు తోబుట్టువులు కారు, ఒక్క యూరివారును కారు. ఒక దేశపు బాలిక భాష తెలియని వేఱొక దేశపు బాలికతో కొలది దినములు ముందుగా ఫోనులో మాటాడుకొనియో, మైదానముననే కలిసికొనియో జతకట్టును. నేడు ప్రక్కప్రక్కన నిలిచినవారే ఱేపు ఒంటరి ఆటలో ఎదురుబొదురుగా నిలువవలసివచ్చును.

ఈ జతకు వెనుక ఇంటిలెక్క యొకటి కలదు. ఈ తరగతి పోటీలలో ప్రయాణపు ఖర్చు, బస, భోజనము, శిక్షకుని జీతము సాధారణముగా ఆడువారివే. 25,000 డాలర్ల పోటీలో ఒంటరిగా గెలిచినవారికి ముట్టినది 4,000 డాలర్లకు లోపు. జంటగా గెలిచిన ఇద్దఱికిని కలిపి 1,500 డాలర్లకు లోపు. మొదటనే ఓడినవారి సంగతి చెప్పనేల? ఒంటరి ఆటలో మంగళవారమే ఓడిన బాలికకు, ఆ వారమంతయు వృథాగాకుండ మిగిలిన దారి జంట ఆటయే.

మేము పోయిననాడు ప్రేక్షకులు యాబదిమందికి మించలేదు. వారిలో తల్లులు కొందఱు, టిఫిను డబ్బాలు ఒడిలోనుంచుకొని కూర్చుండిరి. మేము చూచిన జంటలో ఒకతె వెనుకనుండి సర్వీసు చేయుచుండ, రెండవది వలచెంత వంగి నిలిచి, తాను ప్రక్కకు దూకునదియు లేనిదియు వీపువెనుక వ్రేళ్లతో సైగచేయుచుండెను. బంతి ఇద్దఱి నడుమకు వచ్చినపుడు “నాది” యనియో “నీది” యనియో ఒక్క కేక. ఇండ్లలో కలహములకు మూలమగు ఈ రెండు మాటలే ఇచ్చట పొత్తునకు ఆధారములు! సమయమునకు పలుకకున్న ఇద్దఱును నిలిచిపోవుదురు, బంతి నేలబడును.

చివరి పోరులో ఆ జంట 10–8తో ఓడిపోయెను. కడపటి బంతి వలకు కొట్టిన బాలిక తలవంచుకొనగా, రెండవది వచ్చి రాకెట్టుతో రాకెట్టును మెల్లగా తట్టి, ఆమె బుజముపై చేయివైచెను. తప్పు ఒకతెది, ఓటమి ఇద్దఱిది. తల్లి యొకతె నీళ్లసీసా అందించి, పై వారపు పోటీకి టిక్కెట్టు కొనవలెనా వలదా యని మాత్రమడిగెను. బాలికలిద్దఱును ఒకరినొకరు చూచుకొని, కొనుమనిరి. ఆ తల్లి బదులు పలుకకుండ సంచిలోని చిన్న పుస్తకము తీసి లెక్క చూచుకొనుట నేను మఱువజాలను.

ఈ మెట్లు వ్యర్థములు కావు. హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా ఈ చిన్నపోటీలనుండియే బయలుదేఱి, 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ జంటపోటీ గెలిచి, ఆ యేడే జంట ఆటలో ప్రపంచమున ప్రథమస్థానమందెను. 2014 ఆసియా క్రీడలలో ఆమె ప్రక్కన నిలిచి కాంస్యపతకము పొందిన ప్రార్థనా తోంబరే మహారాష్ట్రమునందలి బార్శీ బాలిక. గుజరాతునుండి వచ్చి పుణెలో శిక్షణపొందిన అంకితా రైనా 2021లో రష్యా వనిత కమిల్లా రఖిమోవాతో ఆస్ట్రేలియాలో ఫిలిప్ ఐలాండ్ ట్రోఫీ జంటపోటీ గెలిచినది. అంతకు ముందే ఆమె యెన్ని యూళ్లలో యెన్ని చిన్నపోటీలాడెనో!

తల్లులు వెనుకనుండుటయు నేటి మాట కాదు. పుణెలో 1890లో జన్మించిన పండిత క్షమారావుగారు సంస్కృతమున కావ్యములు వ్రాసినవారు, టెన్నిసునందును ఆఱితేఱినవారు. వారి కుమార్తె లీలా రావు 1934లో వింబుల్డన్‌లో ఆట గెలిచిన మొదటి భారతస్త్రీ. తల్లి చేతిలో కలమును రాకెట్టును చూచి పెరిగిన బిడ్డకు ఆటస్థలము పరాయిది కాలేదు.

కావున, సోదరీమణులారా, పుణెకు పోయినప్పుడు పోటీ జరుగుచున్నచో ఒక పూట అచ్చట గడపుడు. గెలిచినవారి చిత్రములు పత్రికలలో వచ్చును. ఓడినవారికి మాత్రము ఆ దినమున మనము తట్టు చప్పట్లే దక్కును. మీతో మీ బాలికలను గూడ తోడ్కొనిపోవుడు. “నీది” యని తోడిదానికి విడుచుటయు, “నాది” యని ముందునకు దూకుటయు, రెండును ఆడుపిల్లలు నేర్వదగినవేయని వారు కన్నులార చూతురు.