ఆగే సఫర్

మా ఇంట్లో ఈసారి సెలవుల మీద పెద్ద బహస్ నడిచింది. పిల్లలకు క్రూజ్ కావాలి. క్లాసులో ఎవరో వెళ్లొచ్చారట. ఓడలోనే ఈతకొలను, సినిమా హాలు, పొద్దున్నుంచి రాత్రి దాకా తిండి. మా వారు కూడా మెత్తబడ్డారు. "ఒకసారి గదిలో సామాను సర్దేస్తే మళ్లీ సూట్‌కేసు ముట్టుకోనక్కర్లేదు. అమ్మీ మోకాళ్లకు ఆరామ్" అన్నారు. మాట నిజమే. క్రూజ్‌కున్న అసలు ఖూబీ అదే.

నా ఫికర్ మాత్రం వేరు. అబ్బా ఇంతెఖాల్ అయి మూడేళ్లు. ఇద్దత్ ముగిసినా అమ్మీ ఇల్లు కదలడం లేదు. పెళ్లిళ్లకు పిలిచినా "నేనెందుకులే బేటీ, మీరు వెళ్లి రండి" అంటుంది. అబ్బా రోజూ ఫజర్ తర్వాత ఒక హదీసు చదివి మాకు అర్థం చెప్పేవారు. "బుఖారీ అంటే బుఖారా ఊరివారు అని. ఎప్పటికైనా నీకు ఆ ఊరు చూపిస్తా" అని అమ్మీతో అనేవారు. చూపించకుండానే వెళ్లిపోయారు. ఈ సఫర్ పిల్లల సెలవుల కోసమే అయితే ఎక్కడికైనా పోవచ్చు. అమ్మీని గడప దాటించాలంటే బుఖారాకే పోవాలి.

ఓడ మనకేం కొత్త కాదు. 1995 వరకు ముంబై నుంచి జెద్దాకు హాజీలను ఓడలు తీసుకెళ్లేవి. మా నానా, నానీ అలాగే వెళ్లారు. కానీ అప్పుడు ఓడ సవారీ, మక్కా మంజిల్. ఇప్పటి క్రూజ్‌లో ఓడే మంజిల్.

పిల్లలు తెచ్చిన ప్యాకేజీలో స్పెయిన్‌లోని మాలగా రేవు ఉంది. "అక్కడి నుంచి గ్రెనడా వెళ్లి అల్‌హంబ్రా చూడొచ్చు" అన్నారు. కూర్చుని లెక్క వేశాం. గ్రెనడా అక్కడికి దాదాపు 125 కిలోమీటర్లు. రానూ పోనూ మూడు గంటలు దారికే పోతాయి. అల్‌హంబ్రాలోని నస్రీ మహళ్లకు టికెట్ మీద రాసిన టైముకే లోపలికి పంపుతారు. ఓడ పొద్దున ఆగి సాయంత్రం లంగరు ఎత్తేస్తుంది. 711 నుంచి 1492 దాకా సాగిన అందులూస్ తారీఖును గడియారం చూసుకుంటూ చూడాలన్నమాట. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు.

ఇక బుఖారా ఉన్న ఉజ్బెకిస్తాన్‌కైతే ఏ సముద్రపు ఓడా పోదు. అక్కడి నుంచి సముద్రం చేరాలంటే ఎటు వెళ్లినా కనీసం రెండు దేశాలు దాటాలి. ప్రపంచంలో అలాంటి దేశాలు రెండే. రెండోది లీక్టెన్‌స్టైన్. అలా బహస్ ముగిసింది. పన్నెండు మంది ఉండే చిన్న గ్రూపులో పేర్లు రాయించాం.

ఢిల్లీ నుంచి తాష్కెంట్ విమానంలో దాదాపు మూడు గంటలు. గైడ్ అక్కడి అమ్మాయే. తాష్కెంట్‌లో ఉర్దూ చదువుకుందట. అమ్మీని చూడగానే "ఖోలా" అని పిలిచింది. అమ్మీకి "ఖాలా" అని వినిపించింది. రెండూ ఒకటే! ఆ తర్వాత అమ్మీ ఆ అమ్మాయి పక్క సీటు వదల్లేదు. బజార్‌ను బోజోర్ అంటారు, కితాబ్‌ను కితోబ్, మెహమాన్‌ను మెహ్మోన్. థాంక్స్ చెప్పాలంటే రహ్మత్. రొట్టెను నాన్ అంటారు, బోర్లా పెడితే బేఅదబీ. కింద పడిన రొట్టె ముక్కను తీసి కళ్లకద్దుకునే అమ్మీకి ఆ దేశం ఆ ఒక్క మాటతోనే దగ్గరైపోయింది. పులావ్ మీద ఖజీ వేస్తారని చెబితే పిల్లలు పడీ పడీ నవ్వారు. మనకు ఖాజీ అంటే నికాహ్ చదివించే ఆయన. వాళ్లకు ఖజీ అంటే గుర్రం మాంసంతో చేసే వంట. మాకు వద్దని గైడ్ ముందే హోటళ్లకు చెప్పి ఉంచింది.

తక్లీఫ్ లేదని అనను. ఎనిమిది రోజుల్లో మూడు ఊళ్లు, మూడు హోటళ్లు, ప్రతిసారీ సూట్‌కేసులు. రైలు కోసం చీకటితో లేవాలి. గ్రూపులో ఒకాయన రోజూ ఆలస్యమే.

సమర్కండ్‌లో షాహె జిందా మక్బరాలకు నిటారు మెట్లు ఎక్కాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మెట్ల లెక్క ఒకటే వస్తే మురాదు తీరుతుందని అక్కడివాళ్లు అంటారు. అమ్మీ కింద నిలబడి, "మీరు వెళ్లి రండి" అంది. మూడేళ్లుగా వింటున్న మాట. నేను ఏదో అనేలోపే గైడ్ చేయి పట్టుకుంది. "ఖోలా, మనకు టైముంది." రోజూ ఆలస్యమయ్యే ఆయన రెండో పక్క నిలబడ్డారు. నాలుగు మెట్లకోసారి అమ్మీ ఆగింది. పన్నెండు మందీ ఆగారు. పైకెళ్లాక లెక్క ఎంత వచ్చిందని పిల్లలు అడిగితే, "లెక్క మరిచిపోయాను" అని నవ్వింది.

బుఖారాలో రెండు రాత్రులున్నాం. పగటి జనం పోయాక, ఇషా వేళ, 1127లో కట్టిన కల్యాన్ మినార్ కింద అమ్మీ చాలాసేపు కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఎవరూ "బస్ టైమైంది" అనలేదు.

గైడ్ చెప్పిన ఇంకో మాట మా హైదరాబాదీలకు చెప్పాలి. మొదటి నిజాం తాత ఖ్వాజా ఆబిద్ సమర్కండ్ వైపు నుంచి వచ్చినవాడే. 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయాడు. ఆయన ఖబర్ మన హిమాయత్‌సాగర్ దగ్గరే ఉంది. అక్కడి మట్టికీ మన మట్టికీ రిష్తా కొత్తది కాదు.

మీలో ఎవరైనా ఇలా వెళ్లాలనుకుంటే డబ్బు కట్టే ముందు నాలుగు సవాళ్లు అడగండి. గ్రూపులో ఎంతమంది? రోజుకు నడక ఎంత, మెట్లు ఎక్కడెక్కడ? నమాజుకు ఎక్కడ ఆపుతారు, ఔరత్‌లకు జాగా ఉంటుందా? ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఒక పూట హోటల్లో ఉండిపోవచ్చా? జవాబు గోల్‌మాల్‌గా ఉంటే వదిలేయండి. బొత్తిగా నడవలేని పెద్దవాళ్లుంటే క్రూజే బెహ్‌తర్ కావచ్చు, అందులో తప్పేం లేదు. కానీ నెమ్మదిగానైనా నడవగలిగితే, వాళ్లకోసం ఆగే మనుషులతో పంపండి.

పోయిన వారం అమ్మీ ఫోన్ చేసింది. ఖాలా కూతురి పెళ్లి వరంగల్‌లో. "నాకూ టికెట్ తీయి" అంది.